సోడా పద్దు

ఉమ్ అల్ కువైన్‌ల
పాత రేవు వెనక గల్లీ, కుంజాలిక్క బకాలా.
కౌంటర్ ఇవతల నేను, అవతల ఎండ.
ఫ్రిజ్ మోటారు గురక పెడుతుంటది,
అది ఆగితే నాకు తెలివైతది.

ఇక్కడోళ్ళ నోట్లె 'ప' లేదు.
పాస్‌పోర్టుల పోశెట్టిని,
కొట్టుల బోశెట్టి అయిన.
ఏ సీసా తీసినా, నల్లదైనా పచ్చదైనా,
పోరగాళ్ళు 'బెబ్సీ' అంటరు.
'ప' పోగొట్టుకున్నోళ్ళం ఇద్దరం
పక్కపక్కన నిలవడ్డం.

ఎండకాలం, పన్నెండున్నరకు పని బందు.
లింబాద్రి సెంట్రింగ్ మీంచి దిగి సీదా వస్తడు,
హెల్మెట్ తీస్తే నుదుటి మీద ఎర్ర గీత.
"తలకాయ పలుగుతున్నదిరా, ఒక సోడా కొట్టు."
పద్దుల రాస్త: లింబాద్రి, సోడా, దిర్హమున్నర.
ఈ నెలల అట్ల రాసుడు పదమూడోసారి.

ఆ రోజు కొట్టుల ఖల్ఫాన్ ముసలాయన ఉన్నడు.
వెనకట మందుల దుకాణం నడిపినోడు,
ఇప్పుడు ఒక్క బ్యాటరీ సెల్లు కొనేటందుకు వచ్చి
గంటసేపు కూసుంటడు.
లింబాద్రి తల పట్టుకున్న తీరు చూసి
"సుదా?" అన్నడు.
"సోడానే" అన్న నేను, సీసా చూపిచ్చి.
ఆయన నవ్విండు. పండ్లు రెండే, నవ్వు నిండుగ.

వచ్చీరాని హిందీల చెప్పిండు:
సుదా అంటే తలనొప్పట.
ఆ మాట లోపల చీలుడు ఉన్నదట,
గోడ నెర్రె వాసినట్టు, రాయి రెండైనట్టు.
పాతకాలం హకీములు ఇచ్చిన మందుకు
రోగం పేరే అంటుకొని
పడవలెక్కి పోయిందని కొందరంటరట.
"మావోళ్ళు గూడ పలుగుతున్నదనే అంటరు" అన్న.
"బలుగు, బలుగు" అనుకుంట
మాటను నాలిక మీద తిప్పి చూసిండు ముసలాయన.

ఇంకొందరు వేరే చెప్తరట.
ఖోర్ అంచుకు, మడచెట్ల కింద, ఉప్పునేల మీద
గింజల్లాంటి ఆకుల మొక్క ఒకటి మొలుస్తది.
దాన్ని కాల్చి, బూడిద చేసి
సబ్బుకూ గాజుకూ ఓడల మీద పంపేటోళ్ళట.
ఆ మొక్క పేరే సోడా అయిందని.
"ఏది నిజం?" అన్న.
"సీసాల మీద చీటీలు అంటిచ్చినోన్ని నేను.
మాటకు ఎవరంటిచ్చిన్రో చూడలే."

సబ్బు అనంగనే మా నాయనమ్మ సాయవ్వ యాదికొచ్చింది.
వాగొడ్డున తెల్లగ పొంగిన చౌడు గీరి,
గంపకెత్తుకొని,
ఊరి మైలబట్టలన్నీ దాంట్లె ఉడకేసేది.
చేతుల మీద తోలు పొలుసులు పొలుసులు.
చౌడు. సోడా. చౌడు. సోడా.
దగ్గరి చుట్టాల్లెక్క వినపడుతయి గనీ
కావచ్చు, కాకపోవచ్చు.
మనూరోడే అనుకొని భుజం మీద చెయ్యేస్తే
తిరిగి చూసినోడు ఏ నేపాలోడో ఐతడు గద, గట్ల.
దుకాణంల బట్టల సోడా ప్యాకెట్లు దిగినంక
"ఇది నా చౌడే, సదువుకొని వచ్చింది" అనేది సాయవ్వ.

మాటకు అకామా లేదు, కఫీల్ లేడు.
బూడిదగ పోయి బుడగలై వాపసొచ్చిందో,
అసలు ఈడిది కానేకాదో.
కుంజాలిక్కను అడిగితే
"కార్టనుకు నాలుగు దిర్హములు మిగులుతయి,
అదే దాని అర్థం" అన్నడు.

శుక్రారం పొద్దుగూకంగ ఖోర్ దిక్కు పోయిన.
నీళ్ళు వెనక్కి గుంజుకున్నయి.
బురదల చెప్పు ఇరుక్కున్నది.
మొక్క దొరికింది, లేకుంటే దాని తమ్ముడు దొరికిండు.
ఆకు కొరికిన. ఉప్పు. ఉత్త ఉప్పు.
బుస్సుమనలే, ముక్కులకు ఎక్కలే.
ఒక కొమ్మ తెంపి జేబుల ఏసుకొని
తెల్లారి పద్దు పుస్తకంల పెట్టిన,
లింబాద్రి పేరున్న కాడ.

నెలాఖరుకు కుంజాలిక్క పుస్తకం తెరిస్తే
ఆకు చితికి, ఉప్పుతేమకు సిరా పారి,
పంతొమ్మిది సోడాల లెక్క అలికిపోయి ఉన్నది.
"ఏందిది?" అని కసిరిండు.
నాకు గూడ తలకాయ ఒకపక్క గుంజుతున్నది.
"సోడా" అన్న.